బుడతలతో పార్కుకి: ఫస్ట్ ఎయిడ్ గదిలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో ఒక వినోద పార్కులో తొమ్మిదేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. ఏ పార్కన్నది చెప్పను. ఏ పార్కు నర్సుని కదిలించినా దాదాపు ఇవే కబుర్లు వినిపిస్తాయి. వేసవి సెలవుల్లో శనాదివారాలొస్తే మా గదిలో ఉన్న రెండు మంచాలూ ఖాళీగా ఉండవు. పెద్ద రైడ్లెక్కి కళ్ళు తిరిగినవాళ్ళే వస్తారని అందరూ అనుకుంటారు. వాళ్ళూ వస్తారు గానీ పది నిమిషాలు పడుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ అదే క్యూలోకి పరిగెడతారు. మూడేళ్ళ లోపు పిల్లల సంగతి వేరు. వాళ్ళని మా దాకా తెచ్చేవి జారుడుబల్ల, మోకాలి లోతు నీళ్ళు, కాలే నేల, కప్పులో మొక్కజొన్న గింజలు, తప్పిపోయిన మధ్యాహ్నం నిద్ర.

అపోహ: "నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారితే భయమేం లేదు"

దీన్ని ముందు పెట్టడానికి కారణముంది. దీన్ని నమ్మేది నిర్లక్ష్యపు మనుషులు కాదు, బాగా జాగ్రత్తపరులు.

ఒక నాన్న ఏడాదిన్నర పాపని ఎత్తుకుని వచ్చాడు. "ఏం కాలేదు సిస్టర్, పడలేదు కూడా, నా ఒళ్ళోనే ఉంది. కానీ దించితే ఏడుస్తోంది" అన్నాడు. మంచం మీద కూర్చోబెడితే పాప హాయిగా నా గాజులతో ఆడుకుంటోంది. వాపు లేదు, గాయం లేదు. నేల మీద నిలబెట్టగానే కుడికాలు పైకి లాక్కుని, కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఏడుపు అందుకుంది. అప్పుడు కాళ్ళకేసి చూశాను. రబ్బరు అడుగున్న బూట్లు.

జారుడుబల్ల మీద జరిగేది ఇది. పిల్ల ఒక్కతే జారుతూ కాలు పక్క గోడకి తగిలితే, ఆ ఒంటి బరువెంతని, అక్కడే ఆగిపోతుంది. వెనక డెబ్బై కిలోల మనిషి ఉంటే ఆగడం కుదరదు. రబ్బరు బూటున్న కాలు అక్కడ పట్టేసి ఉంటుంది, ఒళ్ళు ముందుకి పోతుంది, మోకాలి కింది ఎముక మెలిపడి చిట్లుతుంది. మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి ఆ చీలిక కనపడదు కూడా. మూడు నాలుగు వారాలు కట్టు వేస్తే చక్కగా అతుక్కుంటుంది, నిజమే. ఆ తండ్రి మొహం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

ఒంటరిగా జారగలిగేంత చిన్న బల్ల అయితే జారనివ్వండి, మీరు పక్కన నడవండి. ఒంటరిగా జారలేనంత పెద్దదంటే దానికి తగిన వయసు పిల్లకి ఇంకా రాలేదన్నమాట.

అపోహ: "చేతులకి గాలి బుడగలు వేశాం, నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి"

ఆ గాలి పట్టీల అట్ట మీదే ఇది ప్రాణరక్షణ సాధనం కాదని అచ్చేసి ఉంటుంది. తడిసిన చేతుల నుంచి అవి జారిపోతాయి. పైగా వాటితో నీళ్ళలో నిటారుగా తేలడం అలవాటైన పిల్లాడు, అవి లేనప్పుడు కూడా తేలతాననుకుని దిగుతాడు.

ఇక లోతు. బుడతలకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బోర్లా పడితే తల ఎత్తే బలం మెడకి, చేతులకి చాలదు. రెండంగుళాల నీళ్ళు చాలు. కేకలేస్తారు, చేతులు కొట్టుకుంటారు, అప్పుడు చూసుకుందాం అనుకుంటే పొరపాటు. ఊపిరి అందనివాళ్ళు అరవలేరు. ఏ చప్పుడూ ఉండదు.

లైఫ్‌గార్డ్ ఉన్నాడుగా అంటారు. ఉన్నాడు, వేవ్‌పూల్‌లో వందల తలలు చూస్తున్నాడు. మీరు చూడాల్సింది ఒక్క తలని. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఫోను లాకర్‌లో ఉండాలి. నా ఎదురుగా జరిగిన రెండు సందర్భాల్లోనూ పెద్దవాళ్ళు ఎక్కడికీ పోలేదు, నాలుగడుగుల దూరంలో నిలబడి ఫోటో తీస్తున్నారు. ఇద్దరు పిల్లలూ బతికారు. అంతకుమించి వాటి గురించి రాయను.

అపోహ: "ఎంతమంది పెద్దవాళ్ళుంటే పిల్లలకి అంత భద్రం"

మా దగ్గర తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టేది కూడా నా గదిలోనే. అందుకే చెబుతున్నాను, ముగ్గురు మనుషుల కుటుంబం కన్నా పదిమంది వచ్చిన కుటుంబంలో పిల్లాడే ఎక్కువగా తప్పిపోతాడు. అమ్మ, పిన్ని దగ్గరున్నాడనుకుంటుంది. పిన్ని, తాతయ్య దగ్గరనుకుంటుంది. తాతయ్య చెప్పుల స్టాండ్ దగ్గర అందరి సంచులూ కాపలా కాస్తూంటాడు.

మొన్న ఒక బుడ్డోడు చేతిలో సగం తిన్న బిస్కెట్టుతో వచ్చాడు. రెండున్నరేళ్ళుంటాయి. మా ఇద్దరి సంభాషణ మాట పొల్లుపోకుండా ఇది:

"నీ పేరేంటి నాన్నా?"

"చిన్నూ."

"స్కూల్లో ఏమని పిలుస్తారు?"

"స్కూల్ లేదు."

"మీ నాన్న పేరు?"

"డాడీ."

"అమ్మ పేరు?"

నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "అమ్మ" అన్నాడు.

మైకులో ఏం చెప్పను? చిన్నూ అని పిలిస్తే పార్కులో సగంమంది తల్లులు లేస్తారు. ఇరవై నిమిషాల తర్వాత మేనత్త ఏడుస్తూ వచ్చింది. అందాకా వాడు తప్పిపోయాడన్న సంగతి మిగతావాళ్ళకి తెలియనే లేదు.

గేటు దాటకముందే ఆరోజు బట్టల్లో పిల్లల ఫోటో ఒకటి తీసుకోండి. కంగారులో చొక్కా రంగు ఎవరికీ గుర్తురాదు. బాల్‌పెన్నుతో మీ నంబరు ముంజేతి మీద రాసి, నీళ్ళకి చెరిగిపోకుండా పైన పారదర్శకమైన టేపు అంటించండి. పేరు మాత్రం పైకి కనపడేలా రాయొద్దు, కొత్తవాళ్ళెవరైనా పేరు పెట్టి పిలిస్తే పిల్లలు నమ్మి వెళ్ళిపోతారు. చూసుకునే డ్యూటీ మార్చుకునేటప్పుడు నోరు విప్పి చెప్పుకోండి: "వదినా, ఇప్పట్నుంచి నువ్వు." వదిన "సరే" అన్నాకే కదలండి. పిల్ల కనపడకపోతే ముందు నీళ్ళవైపు వెతకండి, ఐస్‌క్రీమ్ బండివైపు తర్వాత. ఇది పార్కుల్లోనే కాదు, జాతరలో అయినా అంతే. బయట ఎక్కడైనా తప్పిపోతే 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

అపోహ: "ఎత్తు కొలిచే బోర్డు ఊరికే పెడతారు, ఒక్క అంగుళానికి ఏమవుతుంది?"

ఒక అమ్మ క్యూలో నిలబడే కూతురి జుట్టంతా ఎత్తి నడినెత్తిన పిలక వేసింది. ఇంకొకాయన కొడుకు బూట్లలో మడతపెట్టిన టిష్యూ కాగితాలు దూర్చాడు. నవ్వొస్తుంది గానీ, ఆ గీత అక్కడ ఉంది పిల్లల్ని ఏడిపించడానికి కాదు. ఒళ్ళో పడే అడ్డుకడ్డీ ఒక కొలతకి తయారుచేసి ఉంటుంది. అంతకన్నా చిన్న ఒళ్ళయితే కడ్డీకీ పొట్టకీ మధ్య సందు మిగులుతుంది, రైడ్ కుదిపినప్పుడు పిల్ల ఆ సందులోంచే జారుతుంది. పిలకకి నడుము ఉండదు కదా.

ఇంకో సంగతి. మన దగ్గర వండర్లా లాంటి చోట టికెట్టు చూసేది వయసు కాదు, ఎత్తు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ప్రవేశం ఉచితం. అంటే సుమారుగా రెండేళ్ళు నిండని పిల్లలు. గేటు దగ్గర "ఇంకా చిన్నదే సార్" అన్న నాన్నే రైడ్ దగ్గరికొచ్చి "పెద్దదైపోయింది సార్" అంటాడు. అమెరికాలో డిస్నీ వాళ్ళు మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్టు అడగరు, కానీ రైడ్ల దగ్గర అక్కడా ఎత్తుగీత ఉంటుంది. అక్కడున్న ఒక మంచి పద్ధతి రైడర్ స్విచ్: ఒకరు రైడెక్కితే ఇంకొకరు పిల్లతో బయట ఉంటారు, తర్వాత ఆ రెండోవాళ్ళు మళ్ళీ పెద్ద క్యూలో నిలబడకుండానే ఎక్కుతారు. పిల్లల్ని చూసుకోవడానికి ఇండియా నుంచి రప్పించిన అమ్మమ్మని రోజంతా బెంచీకి అతికించేయకుండా దీన్ని వాడుకోమని ఆర్లాండో డిస్నీకి వెళ్తున్న మా చుట్టాలకి చెబుతుంటాను.

అపోహ: "ఎండకి వాడిపోయింది, ఒక ఓఆర్ఎస్ డబ్బా తాగిస్తే సరి"

ముందు డబ్బా సంగతి. పండ్ల రుచులతో వచ్చే ఆ టెట్రాప్యాకుల్లో చాలావాటిలో ఉండేది చక్కెర నీళ్ళే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉండాలి. ఆ లెక్కకి కట్టుబడని పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాసుకోవద్దని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. చక్కెర ఎక్కువైన నీళ్ళు విరేచనాలున్న పిల్లకి మేలు చేయకపోగా, పేగుల్లోకి ఇంకా నీరు లాగుతాయి.

అసలు పొట్లాం తెచ్చుకున్నవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు. లీటరు పొట్లాన్ని ఒక్క గ్లాసులో కలిపేస్తారు, "చిక్కగా ఉంటే బలం కదా సిస్టర్" అని. మజ్జిగ కాదమ్మా ఇది. లీటరంటే లీటరే. లీటరు సీసా ఒకటి సంచిలో పడేసుకోండి, కొలత గొడవ వదిలిపోతుంది. కలిపిన నీళ్ళు ఆ రోజుకే.

అయినా ఎండకి వాడిన పిల్లకి మొదటి మందు నీడ. బుడతలకి చెమట పట్టడం తక్కువ, ఒళ్ళు మాత్రం మనకన్నా త్వరగా వేడెక్కుతుంది. ఆటలో దాహం అని చెప్పరు. గంటకోసారైనా మీరే గుక్కెడు తాగించాలి. స్ట్రాలర్ మీద ఎండ పడుతోందని చున్నీ కప్పేస్తారు చాలామంది. లోపల గాలాడక ఇంకా ఉడికిపోతుంది. అయిదారు గంటలుగా డైపర్ పొడిగా ఉన్నా, పిలిస్తే మత్తుగా చూస్తున్నా, ఒళ్ళు కాలుతున్నా నా గదికి రండి. కళ్ళు తెరవకపోతే నా గదికి కూడా కాదు, నేరుగా 108కి ఫోన్ చేయండి.

నీళ్ళలోంచి తీసి పిల్లని ఒట్టి కాళ్ళతో నడిపించకండి. మధ్యాహ్నం రెండింటికి అక్కడ నేల మీద పరిచిన రబ్బరు, ఇనప మెట్లు పెనంలా ఉంటాయి. లేత పాదం బొబ్బలెక్కడానికి ఎంతోసేపు పట్టదు. నీళ్ళలో వేసుకునే చెప్పులు బజార్లో తక్కువకే దొరుకుతాయి.

అపోహ: "క్లోరిన్ వాసన ఘాటుగా ఉందంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టే"

సరిగ్గా తిరగేసి నమ్ముతున్నారు. క్లోరిన్ తగినంత ఉన్న మంచి నీళ్ళకి అంత వాసన ఉండదు. చెమట, మూత్రం కలిసి క్లోరిన్‌తో చర్య జరిగితే పుట్టే క్లోరమైన్ల వాసన అది. కళ్ళు మండేదీ వాటివల్లే. మామూలు డైపర్‌తో దింపితే నీళ్ళు పీల్చి బస్తాలా వేలాడుతుంది. స్విమ్ డైపర్ వేస్తే మలాన్ని కాసేపు ఆపుతుంది, మూత్రాన్ని ఆపదు, క్రిముల్నీ ఆపదు. క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి క్లోరిన్ ఉన్న నీళ్ళలో వారం దాటి కూడా బతుకుతుంది. కాబట్టి కడుపు బాలేని పిల్లని ఆ వారం పార్కుకి తీసుకురావద్దు. టికెట్టు డబ్బు పోయినా సరే.

అపోహ: "పాప్‌కార్న్ మెత్తగానే ఉంటుంది, ఏం కాదు"

నాలుగేళ్ళ దాకా వద్దు. పల్లీలు కూడా అంతే. కప్పుల్లో అమ్మే ఉడికిన మొక్కజొన్న గింజలు పరిగెత్తే పిల్లల నోట్లో వద్దు. కూర్చోబెట్టి తినిపించండి. గొంతుకి అడ్డుపడి దగ్గలేకపోతుంటే నోట్లో వేళ్ళు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఏడాది దాటిన పిల్లని ముందుకి వంచి భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు, రాకపోతే వెనకనుంచి బొడ్డుకి పైన పిడికిలితో అయిదు నొక్కులు. ఇదొక్కటి ఇంటి దగ్గర నేర్చుకుని రండి, పార్కుకి రాకపోయినా పనికొస్తుంది.

అపోహ: "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటేనే టికెట్టు గిట్టుబాటు"

హైదరాబాద్ చుట్టుపక్కల వాటర్ పార్కులు తెరిచేదే 11 ప్రాంతంలో. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఆ కునుకు పట్టే వేళ ఒంటిగంట. అంటే మీ టికెట్టుకీ పిల్ల నిద్రకీ ముహూర్తం మొదట్నుంచే కుదరదు. మూడింటికి రెయిన్ డ్యాన్స్ స్పీకర్లు మొదలయ్యేసరికి నా గది బయట ఏడుపులు మొదలవుతాయి. ఒంటి మీద ఏ దెబ్బా ఉండదు. నేను లైటు తీసి, ఫ్యాను వేసి, మంచం చూపిస్తాను. పది నిమిషాల్లో నిద్రపోతారు.

రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి చోట ఇంకో ఇబ్బంది. 1666 ఎకరాలు కాబట్టి లోపల బస్సుల్లో తిరగాలి, నిద్రపోయిన పిల్లని దించుతూ, ఎక్కిస్తూ, స్ట్రాలర్ మడుస్తూ. అక్కడికి పోయేవాళ్ళు పొద్దున్నే వెళ్ళి సగం చూసి రండి. మిగతా సగం పిల్ల అయిదేళ్ళప్పుడు చూస్తుంది.

ఒకావిడ మనవరాలిని భుజాన వేసుకుని వచ్చి, "ఎవరి కళ్ళు పడ్డాయో సిస్టరమ్మా, ఇందాకట్నుంచి ఒకటే గుక్క. ఉప్పుంటే కాస్త ఇయ్యి, దిష్టి తీస్తా" అంది. మా గదిలో ఉప్పెక్కడిది? క్యాంటీన్ నుంచి తెప్పించాను. తెచ్చేలోపే పిల్ల ఆవిడ భుజం మీదే గుర్రు పెట్టింది. ఆవిడ నిద్రపోతున్న పిల్లకే మూడుసార్లు తిప్పి, ఉప్పు నా వాష్‌బేసిన్‌లో వేసి, సాయంత్రం దాకా కదలకుండా ఆ మంచం మీదే కూర్చుంది. కోడలు రెండుసార్లు వచ్చి "అత్తయ్యా, టికెట్టు డబ్బులు" అని గుర్తు చేసింది. ఆవిడ ష్ అని వేలు చూపించి పంపేసింది.