విమానం సత్తుగిన్నె, స్టీలు గ్లాసు కాదు: బేర్ మెటల్ ఫినిష్‌పై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో స్కేల్ మోడల్ విమానాలు కట్టేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా రంగు వేయని అల్యూమినియం రేకులా మోడల్ కనబడాలంటే ఏం చేయాలని ఫోన్లు వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్ల మనసులో ఉండే విమానం మాత్రం ఒక్కటే, అద్దంలా తళతళలాడేది. అది పాత విమానాన్ని ముచ్చటపడి పాలిష్ చేసి ఎయిర్‌షోకి తెచ్చినప్పటి మెరుపు. రోజూ ఎండావానల్లో ఎగిరిన యుద్ధ విమానం మన వంటింటి సత్తుగిన్నెలా ఉంటుంది. మెరుపు ఉంటుంది, కానీ మబ్బు పట్టినట్టు.

అపోహ: మంచి సిల్వర్ పెయింట్ దొరికితే పని అయిపోయినట్టే

నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి మిగ్-21 మోడల్ మీద ఖరీదైన లాకర్ (చప్పున ఆరే థిన్నర్ రంగు) కొట్టాక, ముక్కు నుంచి తోక దాకా అతుకు గీత, దాని పక్కనే 400 నంబరు గరుకు కాగితంతో రుద్దిన గీతలు తేలాయి. ముదురు పచ్చ రంగు వేసుంటే అవి ఏనాడూ కనబడేవి కావు. కంటోన్మెంట్ వైపు కార్లకు పెయింటింగ్ చేసే మేస్త్రికి చూపిస్తే, వెలుతురుకు కాస్త వంచి చూసి, "రంగేటి చేత్తాది బాబూ, కిందేటుంటే అదే సూపిత్తాది" అన్నాడు. వాటర్ పేపర్‌ను 800, 1000, 1500, 2000 వరుసలో తడిపి రుద్దడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లప్పం పెట్టిన చోట ప్రైమర్ కొట్టి మళ్లీ చూడాలి. ప్లాస్టిక్‌లా కాదు, లప్పం రంగును పీల్చేస్తుంది, ప్రైమర్ లేకపోతే అక్కడ మచ్చ పడుతుంది. ఇప్పుడు నా టైములో ముప్పావు వంతు రుద్దుడుకే పోతుంది.

స్ప్రే డబ్బా సిల్వర్‌తో ఇంకో చిక్కుంది. అందులో రేణువు 0.05 మి.మీ. ఉందనుకోండి. 1/72 మోడల్ (అసలు విమానంలో 72వ వంతు సైజు) మీద అది అసలు విమానంపై 3.6 మి.మీ. గింజతో సమానం. చూసేవాళ్లకు రేకు కనబడదు, జిగేలుమనే ఇసుక కనబడుతుంది.

అపోహ: విమానమంతా ఒకటే వెండి రంగు

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా యుద్ధ విమానం పి-51 మస్టాంగ్‌నే తీసుకోండి. బాడీ ఉత్త అల్యూమినియం. రెక్కల మీద మాత్రం గాలి నున్నగా జారాలని ఫ్యాక్టరీలోనే రివెట్లకు, అతుకులకు లప్పం పెట్టి, సాపు చేసి, సిల్వర్ పెయింట్ వేసేవారు. అంటే బాడీకి లోహపు మెరుపు, రెక్కకు రంగు మెరుపు. రెండూ ఒకేలా వేసి, రెక్క నిండా రివెట్లు చెక్కిన మోడల్ చూస్తే నాకు చెయ్యి దురద పెడుతుంది. తోక మీద అటూఇటూ తిరిగే పలక, అంటే రడ్డర్‌కైతే గుడ్డే తొడిగేవారు, దాని మీద లోహం తళుకు రానేకూడదు.

మన మిగ్-21 ఎఫ్ఎల్ ముక్కు కోను లోపల రాడార్ ఉంటుంది, దాని తరంగాలు లోహాన్ని దాటవు కాబట్టి ఆ కోను లోహం కాదు. ఆ కోనుకూ, తోక కొసకూ పచ్చ రంగు. 1971 యుద్ధ సమయంలో కొన్ని మిగ్‌ల మీద హడావుడిగా మభ్యపెట్టే రంగులు పూశారు కూడా. అందుకే మీరు కట్టే విమానం ఏ సంవత్సరంలోదో దాని ఫొటో ముందు పెట్టుకోండి. ఇక ఉత్త రేకు ఉన్నచోట కూడా పక్కపక్క ప్యానెళ్లు ఒకేలా మెరవవు. రేకు రకం వేరు, దాన్ని రోల్ చేసిన దిశ వేరు. నేను మొత్తం అల్యూమినియం షేడ్ వేసి, ఐదారు ప్యానెళ్లకు టేపు వేసి, అదే రంగులో చుక్క నలుపు కలిపి పలచగా కొడతాను. టేపును ముందు అరచేతికి నాలుగుసార్లు అంటించి తీస్తే జిగురు తగ్గి రంగును పీకదు.

అపోహ: కింద నిగనిగలాడే నలుపు (గ్లాసీ బ్లాక్) తప్పనిసరి

క్రోమ్, పాలిష్డ్ అల్యూమినియం లాంటి షేడ్లకు అవును. మామూలు అల్యూమినియానికి నున్నటి బూడిద ప్రైమర్ చాలు. నలుపు కోసం ఎనామెల్ వాడితే రోజుల తరబడి ఆరనివ్వండి. ఒక్క రాత్రి ఆగి లాకర్ కొట్టిన నా రెక్క బీటలు వారింది.

మన వైపు ఆగస్టు ఉక్కపోతలో ఇంకో బెడద. లాకర్‌లోని థిన్నర్ చప్పున ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ అక్కడ దిగి తెల్లటి పొగ కమ్ముతుంది. వాన పడే రోజు నేను ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పెన్ను) ముట్టను. మిగతా రోజుల్లో 12 నుంచి 15 పీఎస్ఐ గాలి ఒత్తిడి, పలచటి కోట్లు.

అపోహ: పైన వార్నిష్ వేస్తేనే నిలుస్తుంది

వార్నిష్ పడగానే లోహం కాస్తా బూడిద రంగు ప్లాస్టిక్ అవుతుంది. డెకాల్ (గుర్తులు, నంబర్ల స్టిక్కర్) చుట్టూ మిగిలే ఫిల్మ్‌ను బ్లేడుతో కత్తిరించి నేరుగా అంటించండి.

అపోహ: వంటింటి ఫాయిల్ పిల్లల పని

ఇది వింటే నాకు నవ్వొస్తుంది. అది రంగు కాదు, అసలు అల్యూమినియమే. 11 మైక్రాన్ల ఫాయిల్ 1/72లో 0.8 మి.మీ. రేకుతో సమానం, నిజం విమానాల పైరేకు చాలాచోట్ల అంతే మందం. ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక ఎందుకంటే చివరిసారి రెండు రేకులు కలిపి రోల్ చేస్తారు, లోపలి ముఖాలు మసకబారతాయి. రెండువైపులా ఉన్నది ఒకటే లోహం. మసక వైపు పైకి పెట్టి, అడుగున ఫాయిల్ జిగురు పూసి, అది జిగటగా ఆరాక అంటించి, ఇయర్‌బడ్‌తో మధ్య నుంచి అంచులకు రుద్దండి. కొత్త బ్లేడుతో ప్యానెల్ గీత వెంట కోయండి.

ముదురు ప్యానెల్ కావాలంటే గుడ్లు ఉడికే నీళ్లలో ఫాయిల్ ముక్క కూడా వేయండి. సత్తుగిన్నె లోపల నల్లబడినట్టే అదీ రంగు మారుతుంది. మా వీధి బోరు నీళ్లకైతే పావుగంట చాలు.