కుందేలు గుండ్రంగా పరిగెడుతుంది

చిరంజీవులు బబ్లూకి, చిన్నికి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో నా కాళ్ళ దగ్గర తిరుగుతున్న కుక్కపిల్లను చూసి ఇద్దరూ ఒకటే ప్రశ్నలు. "అది నిజంగా కుందేళ్ళను పడుతుందా? నువ్వే నేర్పుతున్నావా?" అని. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ హోంవర్క్ అంటూ ఫోన్ లాక్కుంది. ఇక్కడ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో వారం రోజులుగా మంచు. బయట పనేమీ లేదు. తీరిగ్గా రాస్తున్నాను, మీరూ తీరిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. కుక్క నాది కాదు, పక్క పొలం పెద్దాయనది. దాని పేరు డెయిజీ, బీగిల్ అనే పొట్టి వేటకుక్క జాతి. ఆయనకి డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. ముళ్ళపొదల్లో కుక్క వెనక తిరగలేడు. నాకేమో పొద్దున్నే నడవకపోతే తోచదు. అలా కుదిరింది మా ఇద్దరికీ. తుపాకీ ఆయనది, నడక నాది.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. మన దేశంలో కుందేలును వేటాడటం నేరం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఈ ఉత్తరం చదివి వీధికుక్కను వెంటేసుకుని చెరువుగట్టు మీదికి బయల్దేరకండి. ఇక్కడ లైసెన్సు తీసుకుని వేటాడతారు. ఈ రాష్ట్రంలో కుందేళ్ళ సీజన్ నవంబరు మొదట్లో మొదలై ఫిబ్రవరి చివరికి అయిపోతుంది. రోజుకు మనిషికి 4 కుందేళ్ళకు మించి కొట్టకూడదు.

బీగిల్‌తో నా మొదటి పరిచయం పొలంలో జరగలేదు, విమానాశ్రయంలో జరిగింది. మొదటిసారి వచ్చినప్పుడు మీ అమ్మమ్మ నా సంచిలో బట్టల మధ్య కరివేపాకు దాచిపెట్టింది. సామాను కోసం నిలబడి ఉంటే, జాకెట్ తొడిగిన ఒక చిన్న కుక్క వచ్చి నా సంచి పక్కన బుద్ధిగా కూర్చుంది. మొరగలేదు, కరవలేదు, కూర్చుందంతే. పాపం ముద్దుగా ఉందే అనుకుని నిమరబోయాను. పక్కనే ఉన్న అధికారి సంచి తెరవమన్నాడు. పచ్చి కరివేపాకు మీద ఇక్కడి నిమ్మజాతి తోటలకు చేటు చేసే పురుగు వస్తుందని వాళ్ళ భయం. ఆ కుక్కల దళం 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో మొదలైందట. బీగిల్‌నే ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ముక్కు గొప్పది, మనిషిని భయపెట్టేంత ఆకారం లేదు, తిండి ముక్క చూపిస్తే ఎంత పనైనా చేస్తుంది.

మా చిన్నప్పుడు మెట్టచేలల్లో చెవులపిల్లి, అదే కుందేలు, కోసం కుక్కలను తీసుకెళ్ళేవాళ్ళు. అవి పొడుగు కాళ్ళు, సన్న నడుము ఉన్న కుక్కలు. కర్ణాటక ముధోల్ కుక్కల్ని మీరు టీవీలో చూసే ఉంటారు, ఇంచుమించు ఆ తీరు. వాటి పని కంటితో. కుందేలు కనపడాలి, అది పరిగెత్తాలి, వాటికంటే వేగంగా ఇవి పరిగెత్తాలి. కనుమరుగైతే ఆట అయిపోయినట్టే. బీగిల్ దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ 13 అంగుళాల లోపువి ఒక రకం, 13 నుంచి 15 అంగుళాల దాకా ఇంకో రకం. ఆ పొట్టి కాళ్ళతో కుందేలును అందుకోవడం ఈ జన్మకి జరగదు. దానికి కుందేలు కనపడనక్కర్లేదు కూడా. నేలను, గడ్డిని అంటుకున్న వాసన చాలు. "విషయం పసిగట్టాడు" అంటాం కదా, ఆ పసి అంటే వాసనే. బీగిల్ బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మరి అందుకోలేని కుక్క వేటకెందుకు అని చిన్ని అడుగుతుంది, నాకు తెలుసు. కిటుకంతా కుందేలు దగ్గరే ఉంది. ఇక్కడి కుందేలు, తోక కింద దూదిపింజ లాంటి తెలుపు ఉంటుంది, కిలో అటూ ఇటూ బరువు. తనకు తెలిసిన కొద్ది ఎకరాలు దాటి పోవడం దానికి ఇష్టం ఉండదు. ఏ పొద ఎక్కడుందో, ఏ కంచె కింద సందు ఉందో అక్కడే దానికి తెలుసు. అందుకని కుక్క తరిమితే తిన్నగా పోదు, పెద్ద చుట్టు చుట్టి మళ్ళీ మొదట లేచిన చోటికి దగ్గర్లోకే వస్తుంది. కుక్క నెమ్మదిగా వస్తుంది కాబట్టి కుందేలుకి కంగారు ఉండదు. కాస్త దూరం ఉరికి, ఆగి, చెవులు రిక్కించి విని, మళ్ళీ ఉరుకుతుంది. వేటగాడు అది లేచిన చోటే కదలకుండా నిలబడతాడు. కుక్క మొరుగుడు దూరమై, పక్కకి తిరిగి, మళ్ళీ దగ్గరవుతుంది. అప్పుడు కుక్క వైపు కాదు, కుక్కకు బాగా ముందు చూడాలి. మొదట్లో నేను ప్రతిసారీ కుక్కనే చూస్తూ నిలబడి కుందేలును వదిలేసేవాణ్ణి. అది నా బూట్ల ముందునుంచే పోయిందని పెద్దాయన ఇప్పటికీ నవ్వుతాడు.

ఇక నేర్పడం సంగతి. డెయిజీ ఎనిమిది వారాల పిల్లగా వచ్చింది. మొదటి రెండు నెలలు వేట ఊసే లేదు. పేరు పిలిస్తే రావాలి, మెడపట్టీకి అలవాటు పడాలి, కారెక్కితే కక్కకూడదు, అంతే. పిలిస్తే రావడం బీగిల్‌కి చాలా కష్టమైన చదువు. ముక్కు నేలకు అంటిందంటే దాని చెవులు మూసుకుపోతాయి, మీరు ఫోన్ పట్టుకున్నప్పుడు మీ అమ్మ పిలుపు వినపడనట్టు. అందుకని ప్రతిసారీ జేబులో చికెన్ ముక్క పెట్టుకుని పిలిచేవాణ్ణి. ఒక పొరపాటు మాత్రం చేయలేదు: ఆలస్యంగా వచ్చిందని ఎప్పుడూ తిట్టలేదు. వచ్చినందుకు తిట్లు పడితే రేపు రావడమే మానేస్తుంది.

మూడో నెల దాటాక గడ్డిలో, తుప్పల్లో తిప్పడం. కొంతమంది కుందేలు చర్మాన్ని తాడుకి కట్టి ఈడ్చి ఆ వాసన వెంట కుక్కను నడిపిస్తారు. పెద్దాయనకి అది పెద్దగా నచ్చదు. చచ్చిన చర్మం పక్కకి గెంతదు, వెనక్కి తిరగదు, బతికిన కుందేలు నేర్పే పాఠం ఏదీ నేర్పదు అంటాడు. నాలుగైదు రోజులు ఆడించి వదిలేశాం.

అసలు బడి కంచె లోపల మొదలైంది. కొన్ని ఎకరాల తుప్పల చుట్టూ కంచె వేసి లోపల కుందేళ్ళను ఉంచుతారు. అవి దూరి దాక్కోవడానికి కొమ్మల కుప్పలు, గొట్టాలు అక్కడక్కడా ఉంటాయి. కొన్ని పిల్లలకు నాలుగో నెలలోనే బుర్ర వెలుగుతుంది, కొన్నిటికి ఏడాది పడుతుంది. డెయిజీకి ఆరో నెల వచ్చినా సీతాకోకచిలుకల మీదే ధ్యాస. నాకు టెన్షన్. "ఇది మొద్దు కుక్కేమో" అన్నాను. పెద్దాయన "ఇంకా పలక కూడా పట్టని పిల్లకి పరీక్ష పెట్టకు" అన్న అర్థం వచ్చేట్టు ఏదో అన్నాడు. ఒకరోజు పొద కింద నుంచి కుందేలు సరిగ్గా దాని ముక్కు ముందు లేచింది. డెయిజీ కీచుమంటూ వెంటపడింది. పది గజాల్లో కుందేలు కనుమరుగు. ఏ పిల్లకైనా మొదట ఇలా కళ్ళే పనిచేస్తాయి. కళ్ళు ఓడిపోయాక తల దించుతుంది చూడండి, అక్కడుంది కీలకం. తల దించింది, తోక ఆడించడం మొదలుపెట్టింది, నాలుగు అడుగులు పోయి ఒక్కసారి నోరు విప్పింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచిపని.

ఎందుకంటే ఆ తర్వాత నెల రోజులు నేను దాన్ని దాదాపు పాడుచేశాను. కుందేలు తెలివి గురించి చెప్పాలి ముందు. అది పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నట్టుండి తన జాడ మీదే వెనక్కి వచ్చి, పక్కకి ఒక్క గెంతు గెంతుతుంది. కుక్క వాసన వెంట తిన్నగా వెళ్తుంది, అక్కడ జాడ ఠక్కున ఆగిపోతుంది. కుక్క అయోమయంగా చుట్టూ తిరుగుతుంది. కుందేలు ఎటు పోయిందో నాకు పైనుంచి కనపడుతోంది కదా, పాపం అనిపించి డెయిజీని ఎత్తుకెళ్ళి సరైన చోట దించేవాణ్ణి. పది రోజుల్లో ఫలితం కనపడింది. జాడ తప్పగానే అది వెతకడం మానేసి, కూర్చుని, నా మొహంలోకి చూడటం మొదలుపెట్టింది!

నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. జవాబు బోర్డు మీద వేసేస్తే ఏమవుతుందో నాకు తెలియకపోవడమేమిటి? పెద్దాయన ఏమీ అనలేదు, మూడు వారాలు నన్ను కంచె బయట కూర్చోబెట్టాడు. లోపల డెయిజీ ఒక్కతే. మొదటి రోజు కాసేపు మొత్తుకుని నా దగ్గరికే వచ్చింది. తర్వాత తర్వాత తప్పిపోయిన చోటు చుట్టూ చిన్న చుట్టు, దొరక్కపోతే కాస్త పెద్ద చుట్టు, అలా వెతకడం తనకు తానే కనిపెట్టింది. మంచి కుక్క మరీ దూరం పోయి గుడ్డిగా వెతకదు, పోగొట్టుకున్న చోటునే నమ్ముకుని వెతుకుతుంది.

అనుభవమున్న ముసలి కుక్కతో జతచేసి నేర్పొచ్చు కదా అంటే, నేర్పొచ్చు. ఆయన దగ్గర బస్టర్ అని తొమ్మిదేళ్ళది ఉంది. వారానికి ఒకసారి కలిపి వదిలేవాళ్ళం. అంతకంటే ఎక్కువైతే పిల్ల జాడ పట్టడం మానేసి ముసలిదాని వెనక తోక పట్టుకుని తిరుగుతుంది, అది మొరిగితే ఇదీ మొరుగుతుంది. ఇక్కడివాళ్ళు అలాంటి కుక్కను "నేను కూడా" అని పిలుస్తారు. జాడ లేకుండానే మొరిగేది ఇంకోటి, దాన్ని వాగుడుకాయ అనండి. జాడను తలకిందులుగా, కుందేలు వచ్చిన వైపుకి పట్టుకుపోయేది మరొకటి. మంచి కుక్క నోరు విప్పిందంటే అక్కడ కుందేలు పోయిందని నమ్మొచ్చు. పొదల చాటున దూరంగా ఉన్న కుక్క ఏం చేస్తోందో మనకు తెలిపేది ఆ గొంతొక్కటే కదా. డెయిజీది సాగదీసిన గొంతు. బస్టర్‌ది టకటకమని తెగ్గొట్టే గొంతు. చలిగాలిలో రెండూ కలిస్తే, అబ్బ, నాదస్వరానికి డోలు తోడైనట్టే ఉంటుంది. ఇది నా మాట, పెద్దాయనకి నాదస్వరం తెలియదు.

తుపాకీ చప్పుడు అలవాటు చేయడం ఒక్క రోజులో జరిగే పని కాదు. అన్నం తింటుండగా దూరంగా గిన్నె మీద గిన్నె కొట్టడంతో మొదలైంది. తర్వాత దీపావళికి రీలు పేల్చే లాంటి బొమ్మ తుపాకీ, అది కూడా పొలం అవతలి గట్టు నుంచి. తర్వాతే అసలుది, అప్పుడు కూడా కుక్క కుందేలు ధ్యాసలో మునిగి ఉన్నప్పుడు, దూరం నుంచి. భయపడుతుందో లేదో చూద్దామని చెవి పక్కన పేల్చేవాళ్ళు ఉంటారు. ఒకసారి బెదిరిన కుక్కను మళ్ళీ మామూలు చేయడం చాలా కష్టం. కుక్క దగ్గర్లో ఉంటే పెద్దాయన అసలు గురి పెట్టడు. నారింజ రంగు చొక్కా లేకుండా ఆయన పొలంలోకి రానివ్వడు, నన్ను కూడా.

జింకల గొడవ ఇంకోటి. ఇక్కడ జింకలు విపరీతం, కుక్కలతో జింకను తరమడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. పైగా జింక కుందేలు లాగా చుట్టు తిరిగి రాదు, కుక్కను మైళ్ళకొద్దీ లాక్కుపోయి రోడ్డు మీద వదిలేస్తుంది. డెయిజీ ఒకసారి అలా వెళ్ళింది. మెడలో జీపీఎస్ పట్టీ ఉండబట్టి రెండు గంటల్లో దొరికింది. ఆ రెండు గంటలూ నేను మనిషిని కాదు.

వేట అయ్యాక ఇంటికొచ్చి చేసే చాకిరీ మీకెవరూ చెప్పరు. చెవులు తుడవాలి, వేలాడే చెవుల్లో తడి నిలిస్తే చీము పడుతుంది. కళ్ళల్లో గడ్డి గింజలు, అరికాళ్ళల్లో ముళ్ళు, మెడ కింద పిడుదులు చూడాలి. కుందేలును కోసేటప్పుడు పెద్దాయన చేతికి తొడుగులు వేసుకుంటాడు, కుందేళ్ళ నుంచి మనిషికి అంటుకునే జ్వరం ఒకటి ఉంది. మాంసం బాగా ఉడకాలి. రుచి ఎలా ఉంటుందని బబ్లూ అడిగాడు. నేను తినలేదురా. నేను వెళ్ళేది ఆ గొంతు వినడానికి.

నిన్న పొద్దున మంచు కాస్త మెత్తబడింది. అలాంటి తడినేల మీద వాసన బాగా నిలుస్తుంది. గట్టి ఎండలో, పొడినేల మీద ఇంత నిలవదు. డెయిజీ కంచె వారన గులాబీ ముళ్ళ కంపలో దూరింది, కుందేలు లేచింది. గొంతు తూర్పుకి పోయింది, వాగు దగ్గర ఆగింది. నిశ్శబ్దం. పెద్దాయన నా వైపు చూశాడు, నేను జేబులో చేతులు పెట్టుకున్నాను. మూడు నిమిషాలో, నాలుగు నిమిషాలో. మళ్ళీ ఆ సాగదీసిన గొంతు, ఈసారి ఉత్తరం నుంచి. మంచులో తోక చివర తెల్లమచ్చ ఎక్కడ కనపడుతుంది, చెవులనే నమ్ముకున్నాం. దగ్గరవుతోంది, ఇంకా దగ్గరవుతోంది. కుందేలు మా ముందు ముప్ఫై గజాల్లో ఆగి చెవులు నిక్కబొడిచింది. పెద్దాయన తుపాకీ ఎత్తలేదు. ఎందుకని తర్వాత అడిగితే, "మొదటి చుట్టు దానిది" అన్నాడు. డెయిజీ ముక్కు నేలకు రాస్తూ, మమ్మల్ని కన్నెత్తి కూడా చూడకుండా, మా పక్కనుంచే పోయింది.

వేసవిలో మీరు వస్తారు కదా, అప్పటికి సీజన్ ఉండదు, కానీ డెయిజీ ఉంటుంది. బంతి విసిరితే తేదు, ముందే చెబుతున్నాను. అమ్మమ్మని కరివేపాకు సర్దవద్దని చెప్పండి. విమానాశ్రయంలో సంచి పక్కన కూర్చోడానికి ఇంకో బీగిల్ ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య