“నీళ్లు ఎటునుంచి వచ్చాయండీ?” - గోదావరి డెల్టాలో ఇంటి బీమాపై అపోహలు, వాస్తవాలు

తుపాను వెలిసిన మర్నాడు ఊళ్లోకి వెళ్లి “సర్వేయర్‌నండీ” అంటే, పొలం కొలవడానికి వచ్చాననుకుంటారు చాలామంది. నేను ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. ఇంటికి నష్టం ఎంత జరిగింది, దేనివల్ల జరిగింది అన్నది చూసి రిపోర్టు రాయడం నా పని. అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు ఏ ఇంటికి వెళ్లినా నా మొదటి ప్రశ్న ఒకటే: “నీళ్లు ఎటునుంచి వచ్చాయండీ?”

ఈ మాట వినగానే కొందరికి కోపం వస్తుంది. “నడుంలోతు మునిగాం, ఎటునుంచి వస్తే ఏంటండీ?” అంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ క్లెయిం నిలబడాలన్నా, పోవాలన్నా ఆ జవాబే ముఖ్యం. అందుకే ఈ పోస్టు రాస్తున్నాను.

అపోహ: తుపాను, వరద దైవాధీనం. వాటికి బీమా డబ్బు రాదు.

వాస్తవం: వస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, భూకంపం, పిడుగుతో పాటు తుపాను, గాలివాన, వరద, సునామీ, ఇల్లు జలమయం కావడం కూడా అందులోనే ఉంటాయి. వరద కోసం విడిగా ఏదో కొనుక్కోవాలన్న మాట ఈ పాలసీకి వర్తించదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలకు తోటలే నేలకూలాయి. 2022 జులైలో గోదారి పాయల మధ్య ఉండే లంక గ్రామాలు మళ్లీ మునిగాయి. ఇన్ని చూసినవాళ్లం బండికి ఏటా ఇన్సూరెన్స్ కడతాం, జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇంటికి మాత్రం కట్టం. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అపోహ: పాలసీ ఉంటే చాలు, ఇంట్లోకి నీళ్లు ఎలా వచ్చినా డబ్బిస్తారు.

వాస్తవం: ఇక్కడే నా ప్రశ్న. మన ఇళ్లలోకి నీళ్లు ముఖ్యంగా నాలుగు దారుల్లో వస్తాయి.

మొదటిది పైనుంచి. గాలికి పెంకులు లేచిపోయి, ఆ సందుల్లోంచి వాన పడి సీలింగు, మంచాలు, టీవీ తడిస్తే అది తుపాను నష్టం. అదే, డాబా శ్లాబు మూడేళ్ల నుంచి చెమరుస్తూ ఉండి, ఈ వానకి ధారగా కారిందనుకోండి, దాన్ని అరుగుదల, నిర్వహణ లోపం కింద చూస్తారు. పాలసీలో దానికి చోటు లేదు. మీరు చెప్పకపోయినా గోడ చెబుతుంది. పాత తేమ మరక అంచులు అంచులుగా, పొరలు పొరలుగా కనబడుతుంది. లోపల నాచు, పెచ్చులు రాలిన సున్నం ఉంటాయి. కొత్త తడి అలా ఉండదు. ఒక ఇంట్లో రెండూ ఉంటే రెండింటినీ విడదీసి రాస్తాను. కాబట్టి “పాతది కూడా ఇందులో కలిపేయండి సార్” అని అడగకండి. దానివల్ల నిజమైన నష్టం మీద కూడా అనుమానం వస్తుంది.

రెండోది పక్కనుంచి, కిందనుంచి. గోదారి గట్టు దాటి రావచ్చు, కాలువకు గండి పడవచ్చు. డెల్టాలో తరచుగా జరిగేది మాత్రం వేరు: సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్లు లాగవు, వాన నీళ్లు వెనక్కి తన్ని వీధిలోంచి ఇంట్లోకి వస్తాయి. “గోదారి రాలేదు కదండీ, మాది వరద కాదేమో” అని క్లెయిం పెట్టనివాళ్లను చూశాను. పెట్టండి. ఇల్లు జలమయం కావడం కూడా కవరేజీలో ఉంది.

మూడోది లోపలినుంచి. మేడమీద ట్యాంకు పగిలినా, పొంగినా, పైపు ఒక్కసారిగా పగిలినా వర్తిస్తుంది. గోడలో పైపు నెలల తరబడి చెమరిస్తే వర్తించదు.

నాలుగోది నీళ్లు కాదు, చెట్టు. గాలికి కొబ్బరిచెట్టు కప్పు మీద పడి ఆ దారిన వాన లోపలికి వస్తే, చెట్టు పడటమే బీమా వర్తించే ఒక ప్రమాదం. చెట్టును నరికి పక్కకు లాగేముందు, అది కప్పు మీద ఉండగానే ఫొటో తీసుకోండి.

అపోహ: నేల కుంగి గోడలు బీటలు వారితే బీమాయే చూసుకుంటుంది.

వాస్తవం: నేల కుంగడం పాలసీలో ఉన్న మాట నిజమే. కానీ దానికి మినహాయింపులున్నాయి. మన ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్లు వీటిని ముందే తెలుసుకోవాలి. నది కోత, సముద్రపు కోత వల్ల కుంగితే రాదు. మెరక చేసిన నేల సర్దుకుని బీటలిస్తే రాదు. కొత్త కట్టడం సహజంగా సర్దుకోవడం వల్ల వచ్చే నెర్రెలకూ రాదు. చేపల చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన చోట ఇల్లు కట్టినవాళ్లకు, లంకల్లో ఏటిగట్టు పక్కన ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది, అయినా చెబుతాను.

అపోహ: సర్వేయర్ వచ్చేదాకా ఇంట్లో పుల్ల కూడా కదపకూడదు.

వాస్తవం: నష్టం పెరగకుండా చూసుకోవడం మీ బాధ్యత. కప్పు మీద టార్పాలిన్ కప్పండి, నీళ్లు తోడేయండి. కరెంటు మెయిన్ ఆపకుండా మాత్రం తడి ఇంట్లో అడుగు పెట్టొద్దు. ముందు ఫొటోలు, ఆ తర్వాతే శుభ్రం.

దీనికి అటు చివర ఉన్న తప్పు కూడా చూశాను. ఒక లంక ఊళ్లో ఓ మామ్మగారి ఇంటికి వెళ్లాను. గచ్చు అద్దంలా ఉంది, గోడలకు కొత్త సున్నం. “బురదింట్లోకి మిమ్మల్ని ఎలా రమ్మంటాం బాబూ, నిన్ననే కడిగించేశాను, ఆయ్” అన్నారు. పరుపులు, తడిసిన మిక్సీ, చెక్క బీరువా ముక్కలు అన్నీ అప్పటికే ఏట్లో కలిసిపోయాయి. ఫొటో ఒక్కటీ లేదు. పక్కింటి గోడ మీద మిగిలిన నీటి గీత, వీఆర్వో రాసుకెళ్లిన ఎన్యూమరేషన్ (నష్టం లెక్క) వివరాలు, ఫ్రిజ్ మోటారులో ఇరుక్కున్న ఒండ్రు, వీటిని పట్టుకుని కొంతవరకు రాయగలిగాను. ఆవిడ పోగొట్టుకున్నదంతా మాత్రం రాయలేకపోయాను. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే ఎవరు ఫోన్ చేసినా ఇదే చెబుతున్నాను. గోడ మీద నీటి గీత పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. తేదీ, టైము పడే కెమెరా యాప్ ఉంటే మంచిది. ప్రతి గది నాలుగు మూలలూ, ప్రతి వస్తువూ, దాని సీరియల్ నంబరూ తీయండి. పాడైన సామాను పెరట్లో ఓ మూల పెట్టండి. వాసన భరించలేక పరుపు పారేయాల్సి వస్తే ఫొటో తీసి, ఒక ముక్క కోసి ఉంచండి. బిల్లులు తడిసిపోతే షాపులో డూప్లికేటు అడగండి, ఫోన్‌పే లేదా బ్యాంకు స్టేట్‌మెంటు కూడా ఆధారమే. కంపెనీకి వెంటనే తెలియజేయండి, క్లెయిం ఫారం 30 రోజుల్లోపు ఇవ్వండి. పునరావాస కేంద్రంలో ఉండగా ఇంట్లో దొంగలు పడ్డారా? ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు ఆ కారణంగా జరిగిన దొంగతనానికి కూడా కవరేజీ ఉంది, పోలీసు ఫిర్యాదు మాత్రం తప్పనిసరి.

ఇంకో మాట. సర్వేయర్ ఫీజు కంపెనీ ఇస్తుంది. మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు.

అపోహ: ఇల్లు 80 లక్షలు పలుకుతుంది, కాబట్టి 80 లక్షలకు చేయించాలి.

వాస్తవం: వరద స్థలాన్ని ఎత్తుకుపోదు కదా. బీమా కట్టడానికే. కార్పెట్ ఏరియాను (గోడల లోపలి నేల విస్తీర్ణాన్ని) ఈ రోజు చదరపు అడుగుకు అయ్యే కట్టుబడి ఖర్చుతో హెచ్చవేయాలి. ఉదాహరణకు 1,200 చదరపు అడుగులు, అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే 24 లక్షలు. ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటిలో భాగమే, వాటి ఖర్చూ కలపండి. ఇంటికి బీమా చేస్తే మామూలు సామానుకు ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, దానంతటదే వస్తుంది. పై లెక్కలో అయితే 4 లక్షల 80 వేలు. బంగారానికి విడిగా తీసుకోవాలి. నగదు, దస్తావేజులు ఇందులో రావు. వాకిట్లో మునిగిన బైకు దాని సొంత పాలసీ కిందకే వస్తుంది. తాటాకు ఇల్లు, తాటాకు వంటపాక ఉంటే పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలోనే రాయించండి, దాచొద్దు.

అపోహ: హోమ్ లోన్ ఉంది, బ్యాంకే చేయించి ఉంటుంది.

వాస్తవం: పాలసీ కాపీ అడిగి చూడండి. చాలాసార్లు అది మీ ప్రాణానికి, అప్పుకు ముడిపెట్టిన బీమా అయి ఉంటుంది. ఇంటి బీమా అయినా అప్పు మొత్తానికే చేసి, సామాను వదిలేసి ఉండొచ్చు.

అద్దెకు ఉంటున్నవాళ్లూ సామాను వరకు తీసుకోవచ్చు.

అపోహ: కంపెనీ కాదంటే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ముందు తిరస్కరణను కారణాలతో సహా రాతలో తీసుకోండి, సర్వే రిపోర్టు కాపీ కూడా అడగండి. నేను రాసిన రిపోర్టులో తప్పుందనిపిస్తే నా మీదే అభ్యంతరం రాయండి, నేనేమీ అనుకోను. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి నెల రోజులు చూడండి. 155255 నంబరుకు ఫోన్ చేసినా, ‘బీమా భరోసా’ పోర్టల్‌లో పెట్టినా ఐఆర్‌డీఏఐ దగ్గర ఫిర్యాదు నమోదవుతుంది. అప్పటికీ తేలకపోతే ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా వివాదాలు తీర్చే అధికారికి, రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. మన జిల్లాలన్నిటికీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, యానాం వాళ్లకూ అదే.