కుక్కల మూత్ర సమస్యలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బాగా నీళ్లు తాగి, బాగా మూత్రం పోసే కుక్కకు కిడ్నీలు బాగున్నట్టే.

వాస్తవం: గత మే నెలలో కూకట్‌పల్లి నుంచి 12 ఏళ్ల లాబ్రడార్‌ను తీసుకొచ్చారు. ‘ఎండలకు వేడి చేసింది డాక్టర్ గారూ, గిన్నె నింపిందే తడవుగా ఖాళీ చేస్తున్నాడు, మజ్జిగ పోస్తున్నాం’ అన్నారు. నోరు తెరిచి చూస్తే నాలుక అంచున పుండ్లు, శ్వాసలో అమోనియా వాసన: కిడ్నీలు చెడిపోయాయనడానికి గుర్తులు. మూత్రపిండాల సామర్థ్యంలో సుమారు మూడింట రెండు వంతులు పోయాక మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. నీళ్లలాంటి మూత్రం ధారాళంగా పోతుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికే కుక్క అంతగా తాగుతుంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగేది సాధారణంగా నాలుగింట మూడు వంతులు దెబ్బతిన్నాకే కాబట్టి, రక్తపరీక్ష బాగుందని ధీమా పడకుండా తెల్లవారి మొదటి మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో పట్టి తీసుకురండి. తాగే నీళ్లను ఉదయం గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు మిగిలినవి కొలవండి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు, అంటే 10 కిలోల కుక్క లీటరు దాటి తాగుతుంటే పరీక్ష చేయించాల్సిందే.

అపోహ: మగకుక్క మాటిమాటికీ ముక్కుతోందంటే మలబద్ధకమే.

వాస్తవం: మూత్రం చుక్క చుక్కగా వస్తోందా, అసలు రావడం లేదా అన్నది దగ్గరగా వంగి చూడండి. మగకుక్క అంగంలో ఒక ఎముక ఉంటుంది. మూత్రాశయం నుంచి జారిన రాయి సాధారణంగా దాని వెనకే ఇరుక్కుంటుంది. మూత్రం పూర్తిగా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, మూత్రాశయం పగలవచ్చు. తెల్లవారేదాకా ఆగవద్దు, ఆముదం అసలే పట్టవద్దు.

అపోహ: రాళ్లన్నీ బోరు నీళ్ల వల్లే వస్తాయి, ఉలవకట్టుతో కరుగుతాయి.

వాస్తవం: కుక్కల్లో, ముఖ్యంగా ఆడకుక్కల్లో, తరచుగా కనిపించే స్ట్రువైట్ రాళ్లకు ప్రధాన కారణం బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. అవి యాంటీబయాటిక్‌తో, ప్రత్యేక ఆహారంతో కరుగుతాయి. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు, తీయాల్సిందే.

అపోహ: మనం వేసుకునే నొప్పి మాత్ర సగం వేస్తే ఏమీ కాదు.

వాస్తవం: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తాయి. సగం మాత్ర కూడా వేయవద్దు.

అపోహ: ఇంట్లోనే ఉండే కుక్కకు లెప్టో టీకా అక్కర్లేదు.

వాస్తవం: వానాకాలంలో సెల్లార్‌లో నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం కలిస్తే చాలు, ఆ నీళ్లలో నడిచిన కుక్కకు లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి, చిగుళ్లు పచ్చబడవచ్చు. అది మనుషులకూ అంటుతుంది. అందుకే ఏటా టీకా వేయించండి, జబ్బుపడిన కుక్క మూత్రాన్ని చేతికి గ్లవుజులు లేకుండా తుడవవద్దు.