కొవ్వు తీసిన చీజ్: అపోహలు - వాస్తవాలు

బరువు తగ్గడానికో, కొలెస్ట్రాల్‌ను అదుపులో పెట్టుకోవడానికో ఆహార సలహా కోసం మా దగ్గరకు వచ్చేవారిలో చీజ్ గురించి అడిగేవారు ఇటీవల బాగా పెరిగారు. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారైతే అంగడిలో ఉండగానే ప్యాకెట్‌ను ఫొటో తీసి పంపి, ఇది తినవచ్చా అని అడుగుతుంటారు. ఆ ఫొటో దాదాపు ఎప్పుడూ ప్యాకెట్ ముందువైపుదే అయి ఉంటుంది. మాకు కావలసిన సమాచారమంతా వెనకవైపు పోషకాల పట్టికలో ఉంటుంది.

అపోహ: రెడ్యూస్డ్ ఫ్యాట్, లో ఫ్యాట్, ఫ్యాట్ ఫ్రీ అన్నీ ఒకటే.

వాస్తవం: ఇవి వేర్వేరు నిర్వచనాలున్న మాటలు. భారతదేశ నిబంధనల ప్రకారం ఘనపదార్థంలో 100 గ్రాములకు కొవ్వు 3 గ్రాములు మించకపోతేనే లో ఫ్యాట్ అని, అర గ్రాము మించకపోతేనే ఫ్యాట్ ఫ్రీ అని రాసుకోవచ్చు. అమెరికాలో రెడ్యూస్డ్ ఫ్యాట్ అంటే అదే రకం మామూలు చీజ్ కంటే కొవ్వు కనీసం 25 శాతం తక్కువ అని మాత్రమే అర్థం. 28 గ్రాముల మామూలు చెడ్డార్ (గట్టిగా ఉండే ఒక రకం చీజ్) ముక్కలో దాదాపు 9 గ్రాముల కొవ్వు ఉంటుంది కాబట్టి, అందులో పావు వంతు తీసేసినా ఇంకా ఆరేడు గ్రాములు మిగులుతుంది.

అపోహ: ఫ్యాట్ ఫ్రీ చీజ్ ఎంత తిన్నా ఫరవాలేదు.

వాస్తవం: కేలరీల మాట వరకు లాభం నిజమే. ఆ చెడ్డార్ ముక్కలో సుమారు 115 కేలరీలుంటే, అంతే బరువున్న ఫ్యాట్ ఫ్రీ రకంలో 45 వరకే ఉంటాయి. అయితే రుచిని, మెత్తదనాన్ని ఇచ్చేది కొవ్వే కాబట్టి, దాన్ని తీసేసినప్పుడు ఆ లోటు పూడ్చడానికి తయారీదారులు తరచుగా ఉప్పు పెంచుతారు. ప్రాసెస్డ్ స్లైసుల్లోనైతే, అంటే చీజ్‌ను కరిగించి ముద్దచేసి తయారుచేసిన పలుచని ముక్కల్లో, ఆ ముద్ద విడిపోకుండా కలిపే సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాల ద్వారా కూడా సోడియం చేరుతుంది. మామూలు చెడ్డార్ ముక్కలో 180 మిల్లీగ్రాముల దాకా ఉండే సోడియం ఫ్యాట్ ఫ్రీ రకాల్లో చాలాసార్లు 250 దాటుతుంది. అర కప్పు లో ఫ్యాట్ కాటేజ్ చీజ్‌లో (మెత్తని పలుకులుగా ఉండే తాజా చీజ్, మన పనీర్ కాదు) 350 నుంచి 450 మిల్లీగ్రాములు ఉండటం మామూలే.

పెద్దవారికి రోజు మొత్తం మీద 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, పొడులు, చారు రోజూ ఉండే మన భోజనంలో ఆ హద్దు ముందే దాటిపోతోంది. అందువల్ల రక్తపోటు ఉన్నవారు ఫ్యాట్ ఫ్రీ స్లైసులు పెట్టుకున్న బ్రెడ్డును ఆరోగ్యకరమైన ఉదయపు అలవాటుగా భావించడం నన్ను నిజంగా కలవరపెడుతుంది. వీరికి సహజంగానే ఉప్పు తక్కువగా ఉండే స్విస్ చీజ్‌ను చిన్న ముక్క తీసుకోవడం మేలు. కాటేజ్ చీజ్‌ను జల్లెడలో వేసి నీళ్లతో కడిగినా ఉప్పు కొంత పోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఫాస్ఫేట్ కలిపిన రకాలను వైద్యుణ్ణి అడగకుండా తినకూడదు, ఎందుకంటే కలిపిన ఫాస్ఫేట్‌ను శరీరం చాలా సులువుగా గ్రహిస్తుంది.

అపోహ: కొవ్వుతోపాటు పోషకాలన్నీ పోతాయి.

వాస్తవం: కాల్షియం, మాంసకృత్తులు పాలలోని కొవ్వును అంటిపెట్టుకుని ఉండేవి కావు కాబట్టి అవి మిగులుతాయి, కొవ్వు తగ్గిన మేరకు గ్రాముకు వాటి వంతు కొంచెం పెరుగుతుంది కూడా. తగ్గేది కొవ్వులో కరిగే విటమిన్ ఎ. దాన్ని క్యారెట్, మునగాకు, తోటకూర కొద్దిపాటి నూనెతో వండుకుంటే తేలికగా పొందవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం కొవ్వు తీసిన పాల పదార్థాలను అలవాటు చేయకూడదు, వారి ఎదుగుదలకు ఆ కొవ్వు అవసరం.

అపోహ: సరిగ్గా కరగని చీజ్ నకిలీది.

వాస్తవం: చీజ్‌లోని కేసిన్ అనే మాంసకృత్తి అల్లికలా ఉంటుంది, ఆ అల్లిక సందుల్లో కొవ్వు బిందువులుంటాయి. కొవ్వు లేనప్పుడు అల్లిక బిగుసుకుపోయి, వేడి తగిలితే పైపొర ఎండి రబ్బరులా సాగుతుంది. సన్నగా తురిమి, సన్నని సెగ మీద మూత పెట్టి వేడి చేస్తే చాలావరకు కరుగుతుంది.

అపోహ: గుండె కోసం మామూలు చీజ్ పూర్తిగా మానేయాలి.

వాస్తవం: ఒకే మొత్తం కొవ్వును వెన్న రూపంలోనూ చీజ్ రూపంలోనూ ఇచ్చి పోల్చిన పరిశోధనల్లో, చెడు కొలెస్ట్రాల్‌ను చీజ్ వెన్న కంటే తక్కువగా పెంచింది. అంతమాత్రాన అది స్వేచ్ఛగా తినదగినది కాదు. 28 గ్రాముల చెడ్డార్‌లో 5 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు (చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే రకం) ఉంటుంది. రుచిలేని ఫ్యాట్ ఫ్రీ చీజ్‌ను నాలుగు స్లైసులు తినేకంటే, ఇష్టమైన రెడ్యూస్డ్ ఫ్యాట్ చీజ్‌ను ఒక ముక్క తృప్తిగా తినడం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: పనీర్ ఎలాగూ తక్కువ కొవ్వుదే.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ప్రమాణాల ప్రకారం మామూలు పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదు, నీరు పోగా మిగిలిన పదార్థంలో కొవ్వు కనీసం 50 శాతం ఉండాలి. అంటే 100 గ్రాముల పనీర్‌లో కొవ్వు 20 గ్రాములకు తగ్గదు. ఫుల్ క్రీమ్ పాలు లీటరులో దాదాపు 60 గ్రాముల కొవ్వు ఉంటే, డబుల్ టోన్డ్ పాలలో 15 గ్రాములే ఉంటుంది. రెండింటిలోనూ మాంసకృత్తుల్లో పెద్ద తేడా లేదు. కాబట్టి డబుల్ టోన్డ్ పాలతో ఇంట్లోనే పనీర్ చేసుకోవడం అన్నిటికంటే చవకైన మార్గం, పైగా అందులో ఉప్పు ఉండదు.

అలా చేసిన పనీర్ గట్టిగా వస్తుందన్న ఫిర్యాదు నిజమే, దాన్ని సరిదిద్దవచ్చు. పాలు పొంగు రాగానే పొయ్యి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, నీళ్లు కలిపిన నిమ్మరసాన్ని కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. లేత పసుపుపచ్చని తేట విడివడగానే రసం పోయడం ఆపేసి, పలుచని బట్టలో వడకట్టి, చల్లని నీళ్లతో ఒకసారి కడగాలి. నీరు పోవడానికి మూట మీద పెట్టే బరువును పావుగంటకు మించి ఉంచకూడదు. కూరలో ముక్కలను చివరి రెండు నిమిషాల్లోనే వేయాలి. విడివడిన తేటను పారబోయకుండా చపాతీ పిండి కలపడానికి వాడుకోవచ్చు.