షెల్ స్క్రిప్టుల్లో ఎగ్జిట్ కోడ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

యునిక్స్‌లో ప్రతి కమాండూ పని ముగించి పోతూ పోతూ ఒక సంఖ్యను షెల్ (కమాండ్లను నడిపించే ప్రోగ్రామ్) చేతిలో పెట్టి పోతుంది. అది 0 అయితే పని జరిగినట్టు, ఇంకేదైనా అయితే జరగనట్టు. ఎగ్జిట్ కోడ్ అని మనం పిలిచే ఈ సంఖ్య తప్ప, అర్ధరాత్రి ఎవరూ చూడని వేళ నడిచే స్క్రిప్టుకు (కమాండ్లను వరుసగా రాసి ఉంచిన ఫైలుకు) తన పని సవ్యంగా సాగుతోందో లేదో తెలుసుకునే దారి దాదాపుగా మరొకటి లేదు. సర్వర్ల నిర్వహణలో ఉంటూ, ఇతరులు రాసిన స్క్రిప్టులను సరిచూసేటప్పుడు నాకు పదే పదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఒక కమాండ్ విఫలమైతే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. షెల్ ఆ సంఖ్యను $? అనే ప్రత్యేక వేరియబుల్‌లో ఉంచి తరువాతి వరుసకు వెళ్లిపోతుంది. పాత లాగ్‌లను తుడిచే స్క్రిప్టులో మొదటి వరుస "సీడీ /డేటా/లాగ్స్" (ఆ డైరెక్టరీలోకి వెళ్లు) అనీ, రెండో వరుస "ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ *" (ఉన్న చోటి ఫైళ్లన్నీ తుడిచెయ్) అనీ ఉందనుకుందాం. ఆ డిస్కు మౌంట్ కాని (సిస్టమ్‌కు జతపడని) రోజున డైరెక్టరీ కనబడక సీడీ విఫలమవుతుంది. క్రాన్ (నిర్ణీత వేళలకు కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) నుంచి నడిచే స్క్రిప్టు సాధారణంగా యూజర్ హోమ్ డైరెక్టరీలో మొదలవుతుంది కాబట్టి, రెండో వరుస అక్కడున్న ఫైళ్లను తుడిచిపెడుతుంది. "సీడీ /డేటా/లాగ్స్ || ఎగ్జిట్ 1" అని రాసి ఉంటే ఈ నష్టం జరగదు: || అంటే ఎడమది విఫలమైతేనే కుడిది నడుపు అని.

అపోహ: స్క్రిప్టు మొదట్లో "సెట్ -ఈ" (ఏ కమాండ్ విఫలమైనా స్క్రిప్టును ఆపెయ్) పెడితే ఇక దేన్నీ పరీక్షించనక్కర్లేదు.

వాస్తవం: అనుభవజ్ఞులు కూడా ఎక్కువగా నమ్మేది దీన్నే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. ఇఫ్, వైల్ షరతుల్లో ఉన్న కమాండ్లకూ, && (ఎడమది నెగ్గితేనే కుడిది నడుపు) లేదా || కు ఎడమవైపున ఉన్న కమాండ్లకూ సెట్ -ఈ వర్తించదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. అలాంటి చోట ఒక ఫంక్షన్‌ను (పేరు పెట్టి ఉంచిన కమాండ్ల గుంపును) పిలిస్తే, ఆ ఫంక్షన్ లోపలి ప్రతి వరుసకూ సెట్ -ఈ పనిచేయకుండా పోతుందన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. "బ్యాకప్_తీయి || హెచ్చరిక_పంపు" అని ఒకరు ఎంతో జాగ్రత్తగా రాశారనుకోండి. ఆ ఫంక్షన్‌లో మొదటి వరుస డంప్ (డేటాబేస్ కాపీ) తీయడం, రెండోది దాన్ని వేరే సర్వరుకు పంపడం, మూడోది "పూర్తయింది" అని ఎకో చేయడం (ముద్రించడం). డంప్ విఫలమైనా అమలు ఆగదు. చివరి ఎకో 0 ఇస్తుంది. ఫంక్షన్ కోడ్ కూడా 0 అవుతుంది. హెచ్చరిక ఎప్పటికీ వెళ్లదు. జాగ్రత్త కోసం చేర్చిన || గుర్తే రక్షణను తీసేసింది.

ఫంక్షన్ లోపల "లోకల్ సైజు=$(...)" (లోపలి కమాండ్ ఇచ్చేదాన్ని సైజు అనే వేరియబుల్‌లో పెట్టు) అని ఒకే వరుసలో రాసినా ఇంతే: $? లోకి వచ్చేది లోపలి కమాండ్ కోడ్ కాదు, లోకల్ అనే కమాండ్ తనదైన 0. ప్రకటన ఒక వరుసలో, విలువ ఇవ్వడం మరో వరుసలో ఉండాలి. మరోవైపు, ఏ తప్పూ లేకుండానే సెట్ -ఈ స్క్రిప్టును ఆపేసే సందర్భమూ ఉంది. లెక్క అనే వేరియబుల్ 0 దగ్గర ఉన్నప్పుడు బాష్ అనే షెల్‌లో "((లెక్క++))" (ఒకటి పెంచు) అంటే ఆ వ్యక్తీకరణ విలువ పెంచకముందున్న 0 అవుతుంది, దానివల్ల ఎగ్జిట్ కోడ్ 1 అవుతుంది. నేను సెట్ -ఈ వాడతాను, వాడమనే చెబుతాను. కానీ ముఖ్యమైన ప్రతి కమాండ్ పక్కనా దాని సొంత పరీక్ష ఉండవలసిందే.

అపోహ: పైపులో (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని తరువాతిదానికి అందించే వరుసలో) ఎక్కడ తప్పు జరిగినా ఎగ్జిట్ కోడ్‌లో తెలుస్తుంది.

వాస్తవం: మామూలుగా పైపులోని చివరి కమాండ్ కోడ్ మాత్రమే బయటికి వస్తుంది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట, రాత్రి రెండు గంటలకు మైఎస్‌క్యూఎల్‌డంప్ (డేటాబేస్ కాపీ తీసే కమాండ్) ఇచ్చే పాఠాన్ని పైపు ద్వారా, దాన్ని కుదించే జీజిప్‌కు పంపి, ఆ తరువాత పది రోజులు దాటిన ఫైళ్లను తీసేసే స్క్రిప్టు ఒకటి నేనే రాశాను. ఒక రోజు డేటాబేస్ పాస్‌వర్డు మార్చారు, స్క్రిప్టులో మార్చలేదు. డంప్ విఫలమైంది, జీజిప్ మాత్రం తనకు వచ్చిన శూన్యాన్ని చక్కగా కుదించి 0 ఇచ్చింది. రెండు వారాల తరువాత ఒక టేబుల్ పొరపాటున తుడుచుకుపోయి, బ్యాకప్ డైరెక్టరీలో "ఎల్ఎస్ -ఎల్" కొట్టి చూస్తే, వరుసగా అన్ని ఫైళ్లూ సరిగ్గా 20 బైట్లు. ఏమీ లేని దాన్ని జీజిప్ చేస్తే వచ్చే పరిమాణం అది. చివరి మంచి కాపీని స్క్రిప్టే నాలుగు రోజుల ముందు తీసేసింది. లాగ్‌లో మాత్రం ప్రతి రాత్రీ "బ్యాకప్ పూర్తయింది" అని ఉంది.

"సెట్ -ఓ పైప్‌ఫెయిల్" పెడితే, పైపులో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం పైపు విఫలమైనట్టే లెక్క. బాష్‌లో ఇది 2004లో వచ్చిన 3.0 కూర్పు నుంచీ ఉంది. పాజిక్స్ అనే యునిక్స్ ఉమ్మడి ప్రమాణంలో చేరింది మాత్రం 2024లోనే. ఉబుంటులో 2006 నుంచీ "ఎస్‌హెచ్" అంటే నడిచేది డాష్ అనే మరో షెల్. వాడుకలో ఉన్న చాలా డాష్ కూర్పులకు ఈ ఐచ్ఛికం తెలియదు కాబట్టి, స్క్రిప్టు మొదటి వరుసలో బాష్ పేరే రాయాలి. ఒక మెలిక గుర్తుంచుకోవాలి: పైపు చివర "హెడ్ -1" (మొదటి వరుస మాత్రమే తీసుకునేది) లాంటిది తనకు కావలసింది తీసుకుని ముందే తప్పుకుంటే, వెనకనుంచి ఇంకా రాస్తున్న కమాండ్ సిగ్‌పైప్ (చదివేవారు లేరనే) సంకేతంతో ఆగి 141 ఇవ్వవచ్చు. అది దోషం కాదు.

అపోహ: 0 కాని ప్రతి కోడూ దోషమే.

వాస్తవం: ఫైళ్లలో పదాన్ని వెతికే గ్రెప్ 1 ఇస్తే వెతికిన పదం దొరకలేదని మాత్రమే అర్థం, ఫైలు తెరవలేకపోవడం లాంటి అసలు తప్పుకు అది 2 ఇస్తుంది. రెండు ఫైళ్లను పోల్చే డిఫ్ కూడా అంతే: తేడా ఉంటే 1, ఇబ్బంది ఉంటే 2. నడుస్తున్న సర్వరు మీద ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ 24 ఇస్తే, కాపీ చేసేలోగా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని అర్థం. తాత్కాలిక ఫైళ్లు ఉండే చోట అది సహజం. "|| ట్రూ" (ట్రూ ఎప్పుడూ 0 ఇచ్చే కమాండ్) అని తగిలించి అన్నిటినీ కలిపి మింగేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు, ఎందుకంటే గ్రెప్ 1తో పాటు 2 కూడా అందులోనే కొట్టుకుపోతుంది. కోడ్‌ను ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, కేస్‌తో (విలువను బట్టి దారి ఎంచే షెల్ నిర్మాణంతో) విడదీయాలి. అలా తీసుకోవడం వెంటనే జరగాలి. మధ్యలో ఒక్క ఎకో వచ్చినా $? లో ఉండేది ఆ ఎకో కోడే.

అపోహ: ఎగ్జిట్‌కు ఏ సంఖ్య అయినా ఇవ్వవచ్చు.

వాస్తవం: బయటికి చేరేది 0 నుంచి 255 వరకే, ఆపై మళ్లీ 0 నుంచి లెక్క మొదలు. విఫలమైన ఫైళ్ల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చే స్క్రిప్టులో సరిగ్గా 256 ఫైళ్లు విఫలమైతే, పిలిచినవారికి అందేది 0. పైగా 126 అంటే అమలు చేయలేని ఫైలు, 127 అంటే దొరకని కమాండ్, 128 దాటితే సాధారణంగా ఏదో సంకేతం వల్ల ఆగిందని అర్థం. 137 కనిపిస్తే 128 తీసేయండి, 9 మిగులుతుంది, అంటే సిగ్‌కిల్, ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపే సంకేతం. నేనైతే ముందు మెమరీ నిండిందేమో చూస్తాను. సొంత కోడ్‌లను ఈ సంఖ్యలకు దూరంగా పెట్టుకోవాలి.

అపోహ: స్క్రిప్టు విఫలమైతే క్రాన్ మెయిల్ పంపుతుంది.

వాస్తవం: సాధారణ క్రాన్ చూసేది ఎగ్జిట్ కోడ్‌ను కాదు, స్క్రిప్టు ఏమైనా ముద్రించిందా అన్నదాన్ని. ముద్రించినదంతా "/డెవ్/నల్" (వచ్చిందల్లా మింగేసే ఫైలు) లోకి మళ్లిస్తే, 1 ఇచ్చినా 127 ఇచ్చినా మెయిల్ రాదు. నా బ్యాకప్ స్క్రిప్టులో ఉన్న రెండో తప్పు ఇదే. ఇప్పుడు దాన్ని మార్చిన ప్రతిసారీ కావాలనే తప్పుడు పాస్‌వర్డుతో ఒకసారి నడిపి, వెంటనే "ఎకో $?" కొట్టి చూస్తాను. 0 కాని సంఖ్య కనిపించి, స్క్రిప్టు పంపే మెయిల్ కూడా వచ్చాకే క్రాన్‌లో పెడతాను.