ఎకనామిక్స్ మేజర్ తీసుకున్న, తీసుకోబోయే మా పిల్లలకు

చిరంజీవులు ముగ్గురికీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఒకే వారంలో ముగ్గురూ ఫోన్ చేసి ఒకటే అడిగారు: "ఏ స్పెషలైజేషన్ తీసుకోమంటావు?" అని. ఫోన్లో సగం నాకు వినపడదు, మిగతా సగం మీరు వినరు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి. డిగ్రీలో నేను పబ్లిక్ ఫైనాన్స్ వైపు, అంటే ప్రభుత్వ పన్నులూ ఖర్చుల చదువు వైపు వెళ్లాను. పన్నుల మీద ప్రేమతో కాదు. ఆ మేడం నోట్సు చక్కగా చెప్పి రాయించేవారు, బట్టీ కొడితే మార్కులు వచ్చేవి. స్టాటిస్టిక్స్ క్లాసు పొద్దున్నే ఎనిమిదింటికి, పైగా లెక్కలు. దాన్ని తప్పించుకోగలిగినంత కాలం తప్పించుకున్నాను. ఎంఏలో మొదటిసారి రిగ్రెషన్ టేబుల్, అంటే ఒకదానితో ఒకటి ఎంత ముడిపడి ఉందో చూపే లెక్కల పట్టిక, ముందు పెట్టారు. పంచాంగం చూసినట్టు చూశాను, అక్షరాలు కనపడుతున్నాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకంటే రెండేళ్లు చిన్నదైన అమ్మాయిని బతిమాలి నేర్చుకున్నాను.

కాబట్టి స్పెషలైజేషన్ పేరు గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. అది మూడో ఏడు మాట. ఇప్పుడు చూడాల్సింది ఏ పేపరు తర్వాత ఏ పేపరు అన్నది. కాలిక్యులస్ రాకపోతే రెండో ఏడు మైక్రో ఎకనామిక్స్ నడవదు. స్టాటిస్టిక్స్ కాకుండా ఎకనోమెట్రిక్స్, అంటే ఆర్థిక విషయాల్ని డేటాతో రుజువు చూసే పేపరు, ఎక్కదు. ఎకనోమెట్రిక్స్ లేకుండా నాలుగో ఏడు పరిశోధన పత్రం రాయాలంటే వేరేవాళ్ల టేబుళ్లు వర్ణించడమే మిగులుతుంది. అందుకే ప్లాన్ చివరి నుంచి వెనక్కి వేయాలి. నాలుగో ఏడు డేటాతో పని చేయాలంటే ఎకనోమెట్రిక్స్ మూడో ఏటికల్లా కావాలి, దానికి స్టాటిస్టిక్స్ రెండో ఏట అయిపోవాలి, దానికి లెక్కలు మొదటి ఏటే మొదలవ్వాలి. ఒక్క సెమిస్టర్ వాయిదా వేస్తే చివర్లో ఏడాది ఆలస్యం అవుతుంది, ఎందుకంటే చాలా చోట్ల ఆ పేపర్లు ఏడాదికి ఒకసారే ఉంటాయి.

ఇక ఎంచుకోవడం సంగతి. మీకు ఒక ఊరి కథ చెప్తాను. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఉంది కదా, 1972లో పెట్టారు. అక్కడి ఆర్థికవేత్తలు 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూరు, మహారాష్ట్రలో మరో నాలుగు ఊళ్లు ఎంచుకున్నారు. ఊరికి 40 కుటుంబాలు, అందులో 30 సేద్యం చేసేవాళ్లవి, 10 భూమి లేని కూలీలవి. ఊళ్లోనే మకాం పెట్టిన మనిషి మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి రాసుకునేవాడు: ఎన్ని రోజులు కూలికి వెళ్లారు, ఎంత అప్పు తెచ్చారు, ఏం కొన్నారు, ఏం అమ్మారు. ఏళ్ల తరబడి అదే పని. ఆ పుస్తకాల్లో పడ్డవాళ్లలో చాలామందికి తమ గురించి ప్రపంచం చదువుతుందని తెలిసి ఉండదు.

1994లో అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆయన ఔరేపల్లె లెక్కల్నీ మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కల్నీ ముందేసుకుని ఒకటే ప్రశ్న అడిగాడు. ఒక ఇంటి సంపాదన పడిపోతే ఆ ఇంటి తిండీ ఖర్చూ కూడా అంతే పడిపోతాయా? అంతగా పడలేదు. ఇంటి ఖర్చు ఆ ఇంటి సంపాదనతో కంటే ఊరి సగటుతో కలిసి నడిచింది. అప్పో, చేబదులో, గాదెలో దాచిన గింజలో, ఏదో ఒకటి ఆదుకుందన్న మాట. అయితే ఊరంతా ఒకరికొకరు పూర్తి బీమాలా ఆదుకుంటారన్న మాట మాత్రం కచ్చితమైన పరీక్షకు నిలవలేదు.

ఇది ఏ స్పెషలైజేషన్? వ్యవసాయ ఆర్థికం వాళ్లు మాదంటారు, డెవలప్‌మెంట్ వాళ్లు మాదంటారు. మీరు చదువుతుంటే మనసు ఎక్కడ ఆగిందో చూసుకోండి. ఆ కూలీ కుటుంబాల దగ్గర ఆగితే డెవలప్‌మెంట్, లేబర్ వైపు చూడండి. "ఇది ఎలా రుజువు చేశాడు?" అనిపిస్తే ఎకనోమెట్రిక్స్. ఆ ఊరికి బ్యాంకు, బీమా ఎందుకు చేరలేదని తోస్తే ఫైనాన్స్. ప్రభుత్వం ఏం చేయాలి అనిపిస్తే నేను చదివిన పబ్లిక్ ఫైనాన్స్, కాకపోతే నాలా చదవకండి. ఏదీ అనిపించకపోతే కంగారు లేదు, ఇంకో రెండు పేపర్లు చదివాక చూద్దాం.

పెద్దతల్లీ, నువ్వు ఆంధ్రలో డిగ్రీలో చేరావు. అక్కడ 2023-24లో సింగిల్ మేజర్ పెట్టారు. మా రోజుల్లో హెచ్‌ఈపీ అని చరిత్ర, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా చదివేవాళ్లం, నీకు ఒక మేజర్, ఒక మైనర్. మైనర్ తేలికగా ఉంటుందని ఏదో ఒకటి తీసుకోకు, స్టాటిస్టిక్స్ ఉంటే అదే తీసుకో. నాలుగో ఏడు రిసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే యూజీసీ లెక్క ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. ఐఈఎస్, అదే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష, రాస్తానన్నావు, దానికి పీజీ తప్పనిసరి. మంచి పీజీ ఎంట్రన్సుల్లో అడిగేవి మళ్లీ ఈ లెక్కలే.

అమెరికాలో ఉన్న బాబూ, నీది వేరే తంటా. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఎకనామిక్స్‌ను ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అన్న కోడ్ కింద పెట్టారు. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కిందికి వస్తుంది కాబట్టి చదువయ్యాక అక్కడే పని చేసుకోవడానికి ఇచ్చే 12 నెలల అనుమతికి, అదే ఓపీటీకి, మరో 24 నెలలు అడగొచ్చు. నీ డిగ్రీ ఏ కోడ్ కింద ఉందో సలహాదారుణ్ని ఇప్పుడే అడుగు, రూల్స్ మారుతుంటాయి.

చిన్నోడా, నువ్వింకా ఇంటర్. లెక్కలు లేని సీఈసీ తీసుకున్నావు, తీసుకున్నాక చేసేదేముంది. కానీ ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి సీయూఈటీ ఎంట్రన్సులో మ్యాథ్స్ రాయాల్సిందే. ఆ సంగతి మీ నాన్నతో ఈ నెలలోనే మాట్లాడు, వచ్చే ఏడు కాదు.

దసరాకి వచ్చేటప్పుడు ముగ్గురూ మీ సిలబస్ ప్రింటు తీసి తెండి. వసారాలో పరిచి గీతలు గీద్దాం. పెన్సిల్ తెండి, పెన్ను వద్దు.

ప్రేమతో,
అమ్మమ్మ